గొట్టం వేయకుండానే మా పాప కడుపునొప్పి సంగతి తేలింది

మా పాపకి తొమ్మిదేళ్లు. బొడ్డు చుట్టూ నొప్పి అని అప్పుడప్పుడూ అంటూనే ఉండేది కానీ, పోయిన ఏడాది దసరా సెలవులు అయ్యాక అది వారంలో సగం రోజులకి వచ్చి కూర్చుంది. పొద్దున్నే పాలు తాగి, యూనిఫాం వేసుకుని, బూట్ల లేసులు కట్టుకునేసరికి మొదలయ్యేది. స్కూల్ వ్యాన్ హారన్ వినపడేసరికి సోఫాలో ముడుచుకుని ఉండేది. రెండు మూడు గంటల్లో దానంతటదే తగ్గేది. స్కూలుకి ఎగనామం పెట్టడానికి నాటకం అని మా చుట్టాలు చాలామందే తేల్చేశారు. ఆదివారాలూ వచ్చేది మరి, అప్పుడేం నాటకం?

మేం ఉండేది ఖమ్మంలో. ఇంట్లో చేయాల్సినవన్నీ అయ్యాయి. అత్తయ్య ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ రాశారు, వాము నీళ్లు పట్టారు, ఓ సాయంత్రం ఉప్పూ మిరపకాయలతో దిష్టి కూడా తీశారు. మా ఆయనేమో నులిపురుగులే అన్నారు. ఆగస్టులో నులిపురుగుల దినం అని స్కూల్లో ఆల్బెండజోల్ బిళ్ల నమిలించనే నమిలించారు, అయినా ఇంకో డోసు పడింది. నొప్పి మాత్రం కదల్లేదు.

తర్వాత ఒక ల్యాబ్‌లో 'పొట్ట ప్యాకేజీ' చేయించాం. అక్కడితో మా టెన్షన్ రెట్టింపైంది. రక్తంలో హెచ్. పైలోరీ అనే కడుపు బ్యాక్టీరియా తాలూకు యాంటీబాడీలు పాజిటివ్ అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. స్కానింగ్‌లో 'మెసెంటెరిక్ లింఫ్ నోడ్స్, 6 మిల్లీమీటర్లు' అని రాశారు, అంటే పేగుల దగ్గరుండే చిన్న గ్రంథులు. నోడ్స్ అనగానే వరసకి బావగారు ఒకాయన ఫోన్ చేసి "టీబీ ఏమో చూపించండి" అన్నారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. రిపోర్టులు పట్టుకుని వెళ్లిన ఒక క్లినిక్‌లో రెండు నిమిషాలు చూసి, "మత్తిచ్చి గొట్టం వేసి చూసేద్దాం, ఒక్క పూట పని" అన్నారు. ఎండోస్కోపీ అంటే నాకు భయం లేదు, మా నాన్నకి రెండుసార్లు చేశారు. కానీ తొమ్మిదేళ్ల పిల్లకి మత్తిచ్చే ముందు ఎందుకో చెప్పాలి కదా. అడిగితే "పాజిటివ్ వచ్చింది కదమ్మా" అన్నారు, అంతే.

హైదరాబాద్‌లో పిల్లల గ్యాస్ట్రో డాక్టర్ ఒకావిడ ఉన్నారని మా ఆడపడుచు చెబితే వెళ్లాం. ఆవిడ ఫైలు పక్కన పెట్టి ముందు పాపతో మాట్లాడారు. "ఏమ్మా, నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించు" అంటే మా పాప అరచెయ్యి మొత్తం బొడ్డు మీద పెట్టింది. ఆవిడ నవ్వి, పిల్లల్లో నొప్పి బొడ్డుకి ఎంత దూరంగా ఉంటే లోపల జబ్బు ఉండే అవకాశం అంత ఎక్కువని పాత డాక్టర్ల లెక్క ఒకటుందని చెప్పారు. తర్వాత వెతికితే తెలిసింది, అది జాన్ యాప్లీ అనే ఇంగ్లండ్ డాక్టరుగారి మాట. 1958లో ఆయనా, ఆయనతో పనిచేసే ఒకావిడా కలిసి వెయ్యిమంది బడిపిల్లల్ని పరిశీలిస్తే దాదాపు పదిమందిలో ఒకరికి ఇలా పదేపదే కడుపునొప్పి ఉందట, అందులో ఎక్కువమందికి లోపల ఏ జబ్బూ దొరకలేదట. మా పాప ఒక్కదానికే కాదన్నమాట అని కొంచెం ఊరట.

తర్వాత ప్రశ్నల వాన. రాత్రి నిద్రలోంచి నొప్పితో లేస్తుందా? బరువు తగ్గిందా? మలంలో రక్తం, జిగట? నోట్లో పుళ్లు, కీళ్ల నొప్పులు, ఊరికే వచ్చే జ్వరాలు? పసరు వాంతులు? ఇంట్లో ఎవరికైనా పేగుల జబ్బు? దేనికీ అవునని చెప్పలేదు మేము. టీకాల కార్డు, స్కూలు ప్రోగ్రెస్ కార్డుల్లో ఉన్న పొడవు, బరువు అంకెలన్నీ ఒక గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టి కలిపారు. గీత ఎక్కడా కిందకి జారలేదు. "నాకు ఈ గీత ఇచ్చే ధైర్యం ఏ స్కానింగూ ఇవ్వదు" అన్నారు. మీరు వెళ్లేటప్పుడు టీకాల కార్డు మర్చిపోకండి, నిజంగా పనికొస్తుంది.

ఇంకో కాగితం తీశారు. దాని మీద మలం ఏడు రకాల బొమ్మలు. బ్రిస్టల్ చార్ట్ అంటారట. (యాప్లీగారు పనిచేసిందీ ఇంగ్లండ్‌లోని ఆ బ్రిస్టల్ ఊళ్లోనే. కడుపు సంగతులకీ ఆ ఊరికీ ఏదో లింకు ఉన్నట్టుంది.) మా పాప సిగ్గుతో నా చున్నీ వెనక దాక్కుని, అక్కడి నుంచే చెయ్యి చాపి మొదటి బొమ్మ మీద వేలు పెట్టింది. మేక పెంటికల్లా విడివిడి ఉండలు. రోజూ వెళ్తుంది కదా అని మేం ఎప్పుడూ చెప్పే మాట. వెళ్తుంది సరే, ఎలా వెళ్తుందో ఎవరు చూశారు? స్కూల్లో బాత్రూం కంపని పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుంటుందని ఆ గదిలోనే మాకు మొదటిసారి తెలిసింది.

హెచ్. పైలోరీ గురించి అడిగాను. రక్తంలో యాంటీబాడీ ఉందంటే ఆ బ్యాక్టీరియా ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అర్థం, ఇప్పుడు ఉందో లేదో అది చెప్పదు, పిల్లల్లో ఆ రక్తపరీక్షని లెక్కలోకే తీసుకోకూడదని ప్రపంచవ్యాప్తంగా పిల్లల గ్యాస్ట్రో సంఘాలు చెబుతున్నాయన్నారు. మన దేశంలో చిన్నప్పుడే చాలామందికి సోకుతుంది, పుండు పడనంతవరకు చాలామందికి అది ఉన్నట్టు కూడా తెలియదు. ఇలాంటి నొప్పికి దాన్ని వెతుక్కుంటూ వెళ్లి యాంటీబయాటిక్స్ కోర్సు వాడేయడం తను చేయనన్నారు. నోడ్స్ మాట ఎత్తితే, ఈ సైజువి ఆరోగ్యంగా ఆడుకునే పిల్లల్లోనూ స్కానింగ్‌లో కనిపిస్తాయి అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. మా బావగారి టీబీ అక్కడితో పోయింది.

అప్పుడు రాసినవి: మామూలు రక్తపరీక్ష, ఒంట్లో వాపు ఉందేమో చూసే సీఆర్‌పీ, గోధుమ పడని సీలియాక్ జబ్బుని చూసే టీటీజీ, దానితో పాటు ఐజీఏ అనే రకం యాంటీబాడీ మొత్తం ఎంతుందో, మలపరీక్ష, మలంలో కాల్‌ప్రొటెక్టిన్. ప్యాకేజీ కంటే చిన్న చీటీ. ఒక్కోదానికీ ఒక్కో ప్రశ్న ఉందని, ఆ ప్రశ్న ఏమిటో కూడా ఆవిడే చెప్పారు. నాకు బాగా నచ్చిందీ అదే. టీటీజీ గోధుమ తినేవాళ్లకే సరిగ్గా పలుకుతుందట, అందుకని పరీక్ష ముందు చపాతీలు ఆపొద్దన్నారు. ఆ జబ్బు ఉత్తరాదిలో ఉన్నంత మన వైపు లేదు కానీ అసలు లేదనలేం అన్నారు. నెగెటివ్ వచ్చింది, దాని కథ అంతే.

కాల్‌ప్రొటెక్టిన్ కథ మాత్రం పెద్దది. పేగుల్లో వాపు ఉంటే తెల్లకణాలు అక్కడికి చేరతాయి, వాటిలో ఉండే ఒక ప్రొటీన్ మలంలోకి దిగుతుంది. దాన్ని కొలిస్తే, గొట్టం వేసి పేగులు చూడాల్సిన అవసరం ఉందా లేదా అని ఒక అంచనా దొరుకుతుంది. ఈ వయసులో గ్రాము మలానికి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే నిశ్చింత. బాగా చిన్నపిల్లల్లో మామూలుగానే ఎక్కువ ఉంటుందట, వాళ్లకి ఈ లెక్క వర్తించదు. పరీక్ష ఖరీదు రెండు వేలు దాటింది, ల్యాబ్‌వాళ్లు హైదరాబాద్ పంపిస్తామన్నారు.

శాంపిల్ తీయడం ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. మూతకే చిన్న చెంచా ఉండే డబ్బా ఇస్తారు. నీళ్లు, మూత్రం కలవకూడదు. మాది ఇండియన్ టాయిలెట్, అందులోంచి తీయడం కుదరదు. మేం బాత్రూం గచ్చు మీద పాత న్యూస్‌పేపర్లు మందంగా పరిచి, పాపని దాని మీద కూర్చోమన్నాం. "నాన్నకి చెప్పొద్దు" అని ఒట్టు వేయించుకుంది. శెనగగింజంత చాలు, డబ్బా నింపక్కర్లేదు. తీసిన వెంటనే పరిగెత్తక్కర్లేదు, ఈ ప్రొటీన్ అంత త్వరగా పాడవదు. పురుగులు, గుడ్లు చూసే మామూలు మలపరీక్షకి మాత్రం తాజాగా ఇవ్వాలి. రెండిటికీ రెండు డబ్బాలు.

రిపోర్టు 118 వచ్చింది. గూగుల్ చేశాను. చేయకుండా ఎవరుంటారు? క్రోన్స్ జబ్బు, అల్సరేటివ్ కొలైటిస్, పేగులు వాచే పెద్ద జబ్బులన్నీ వచ్చేశాయి. డాక్టరుగారికి వాట్సాప్‌లో పెడితే తిరిగి ఒకటే ప్రశ్న: "ఈ మధ్య ఏమైనా మందులు వాడారా?" ముందు వారమే పాపకి జ్వరం వస్తే ఇక్కడి డాక్టరు ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ కలిసిన సిరప్, ఓ యాంటీబయాటిక్ రాశారు. ఐబుప్రొఫెన్ లాంటి మందులు పేగు పొరని కాస్త రేపుతాయి, దాంతో ఈ అంకె పెరగొచ్చు, వైరస్ విరేచనాలకైనా పెరగొచ్చు అన్నారు. 118 అంటే గొట్టం వేయాల్సిన అంకె కాదు, కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయిద్దాం, ఈలోపు జ్వరం వస్తే ఉత్త పారాసెటమాల్ మాత్రమే అన్నారు. ఆ వారాలు కొంచెం కష్టంగానే గడిచాయి. రెండోసారి 27.

అప్పటికి పేగుల్లో వాపు లేదని తేలింది. మరి నొప్పి ఎందుకు? పొద్దున పాలు తాగాక వస్తుందన్న మాట డాక్టరుగారు మొదటి రోజే రాసుకున్నారు. హైడ్రోజన్ బ్రెత్ టెస్ట్ చేద్దామన్నారు. యాంటీబయాటిక్ పడ్డాక కనీసం నాలుగు వారాలు ఆగాలి, లేకపోతే పేగుల్లో బ్యాక్టీరియా తగ్గిపోయి పరీక్ష అబద్ధం చెబుతుంది. మాకు ఆ గడువు ఎలాగూ దాటింది. మలబద్ధకానికని ఖమ్మంలో రాసిన లాక్టులోజ్ సిరప్ కూడా ముందే ఆపించారు, అది స్వయంగా పెద్దపేగులో హైడ్రోజన్ పుట్టించే సరుకేనట.

దీని కిటుకు నాకు భలే నచ్చింది. మన ఒంట్లో ఏ కణమూ హైడ్రోజన్ తయారుచేయదు. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర చిన్నపేగులో అరగకపోతే పెద్దపేగులోకి జారుతుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్ వదులుతాయి, అది రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోంచి శ్వాసతో బయటికొస్తుంది. శ్వాసలో హైడ్రోజన్ పెరిగితే చక్కెర అరగలేదన్నట్టు. సూది లేదు, మత్తు లేదు.

కానీ సగం పరీక్ష ఇంట్లోనే జరుగుతుంది. ముందు రోజంతా పీచు, పాలు ఉండకూడదు. పప్పులు, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, చపాతీ, పెరుగు, అన్నీ బంద్. తెల్లన్నం, గుడ్డు, కోడి మాంసం, అంతే. ముందు రోజే కూకట్‌పల్లిలో మా ఆడపడుచు ఇంటికి చేరాం. ఆవిడ మేం వస్తున్నామని గుత్తివంకాయ, పప్పుచారు చేసి, పైగా పాపకి ఇష్టమని సేమ్యా పాయసం కూడా పెట్టింది. పాప ముందు కంచంలో తెల్లన్నం, ఉప్పు వేసి ఉడికించిన చికెన్ ముక్కలు. "ఒక్క చెంచా పాయసం తింటే ఏమవుతుంది వదినా, పిల్ల మొహం చూడు" అని ఆవిడ గొణుగుతూనే ఉంది. నేను పాయసం గిన్నె తీసుకెళ్లి ఫ్రిజ్‌లో వెనక్కి తోసేశాను. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత నీళ్లు తప్ప ఏమీ లేదు.

పొద్దున పరగడుపున వెళ్లాం. మౌత్‌వాష్‌తో పుక్కిలించమన్నారు, నోట్లో బ్యాక్టీరియా లెక్క చెడగొట్టకుండా. మిషన్ చేతిలో పట్టేంత చిన్నది, ముందు అట్టముక్కతో చేసిన గొట్టం. టెక్నీషియన్ అబ్బాయి చాలా ఓపికగా నేర్పించాడు: "పాపా, గట్టిగా గాలి పీల్చు, బుగ్గలు ఉబ్బించి ఆపు, నేను వేళ్లు లెక్కపెడతా, తర్వాత బెలూన్ ఊదినట్టు కాదు, వేడి పాలు ఊదినట్టు మెల్లగా." పాలే లోకువ అయ్యాయి ఆ రోజు! మొదటిసారి దగ్గు వచ్చి పాడైంది, మళ్లీ ఊదింది. మొదటి అంకె 4 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో నాలుగు వంతుల హైడ్రోజన్. ఇది ఎక్కువ వస్తే ముందు రోజు తిండి సరిగ్గా పాటించలేదనో, మలం నిలిచిందనో అనుమానించి పరీక్ష వాయిదా వేస్తారట. పాయసం గిన్నె గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

తర్వాత లాక్టోజ్ పొడి నీళ్లలో కలిపి ఇచ్చారు. కిలో బరువుకి ఒక గ్రాము, ఎంత బరువున్నా 25 గ్రాములు మించకుండా. మా పాప 24 కిలోలు, కాబట్టి 24 గ్రాములు. తియ్యగానే ఉంది, గడగడా తాగేసింది. అప్పటి నుంచి మూడు గంటలపాటు అరగంటకోసారి ఊదాలి. మధ్యలో తినకూడదు, పరిగెత్తకూడదు, నిద్రపోకూడదు. పరిగెత్తకుండా ఆపడం తేలిక, నిద్రపోకుండా ఆపడమే పెద్ద పని. తీసుకెళ్లిన రంగుల పుస్తకం గంటలో అయిపోయింది.

ఆ హాల్లోనే మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒకామె, ఆమె కొడుకు పన్నెండేళ్ల వాడు ఉన్నారు. వాడిది వేరే బ్రెత్ టెస్ట్. వాడికి నల్లటి విరేచనాలైతే ఎండోస్కోపీ చేశారట, పుండు ఉంది, హెచ్. పైలోరీ ఉంది. మందుల కోర్సు అయిపోయి రెండు నెలలు. ఇప్పుడు ఆ బ్యాక్టీరియా పోయిందో లేదో చూడటానికి మళ్లీ గొట్టం వేయక్కర్లేదు, ఒక సంచీలోకి ఊది, యూరియా కలిపిన నీళ్లు తాగి, అరగంట ఆగి ఇంకో సంచీలోకి ఊదితే చాలు. ఆ బ్యాక్టీరియాకి యూరియాని విరగ్గొట్టే శక్తి ఉంది, విరిగితే యూరియాలో గుర్తు పెట్టిన కార్బన్ శ్వాసలో బయటపడుతుంది. పిల్లలకి వాడే కార్బన్-13లో రేడియేషన్ ఉండదు. "రెండు వారాల ముందు నుంచి గ్యాస్ బిళ్ల ఆపమన్నరక్కా, ఇంక వాడు మంట మంట అని నా పానం తీసిండు" అంది ఆమె. ఆ బిళ్లలు వాడుతుంటే బ్యాక్టీరియా ఉన్నా పరీక్షలో కనపడదట. అదే మలపరీక్షతోనూ తెలుసుకోవచ్చు, ఆరేళ్ల లోపు పిల్లలకి ఊదడం కన్నా అదే నమ్మకం అని టెక్నీషియన్ చెప్పాడు. ఈ బ్యాక్టీరియాని కనిపెట్టిన ఆస్ట్రేలియా డాక్టర్లలో ఒకరైన బ్యారీ మార్షల్ 1984లో దాన్ని స్వయంగా తాగి చూపించారని, 2005లో ఆయనకీ రాబిన్ వారెన్‌కీ నోబెల్ వచ్చిందని నేను చదివింది ఆ పన్నెండేళ్ల అబ్బాయికి చెప్పాను. "తాగిండా?" అని వాడు మొహం అదోలా పెట్టాడు, మా పాప పడీ పడీ నవ్వింది.

మా అంకెలు ఇలా వచ్చాయి: అరగంటకి 6, గంటకి 11, గంటన్నరకి 31, రెండు గంటలకి 58. మొదటి అంకె మీద 20 పెరిగితే పాజిటివ్. రెండో గంట దగ్గర పాప నా చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. లోపల గుడగుడమని వినిపిస్తోంది. "అమ్మా, ఇదే నొప్పి. స్కూలు నొప్పి" అంది. టెక్నీషియన్ కాగితం మీద టైం వేసి రాసుకున్నాడు. డాక్టరుగారు తర్వాత చెప్పిందేమంటే, అంకె ఒక్కటే పెరిగితే అరగడం లేదని మాత్రమే, దానితో పాటు పిల్లకి తెలిసిన ఆ నొప్పే వస్తేనే పాలు కారణమని గట్టిగా అనొచ్చట. కొందరి పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు హైడ్రోజన్‌ని మీథేన్‌గా మార్చేస్తాయి, వాళ్లకి ఈ పరీక్ష నెగెటివ్ వచ్చినా నమ్మలేం.

ఇంకో సంగతి చాలామంది తప్పుగా అనుకుంటారు. ఇది పాల అలర్జీ కాదు, జబ్బు కూడా కాదు. చిన్నప్పుడు పాలు అరిగించే ఎంజైము నాలుగైదేళ్లు దాటాక తగ్గిపోవడం ప్రపంచంలో ఎక్కువమందికి జరిగేదే, మన దక్షిణాదిలో ఉత్తరాది కంటే ఎక్కువ. పైగా పరీక్షలో ఇచ్చిన 24 గ్రాములంటే రెండు గ్లాసుల పాలు ఖాళీ కడుపున ఒక్కసారే తాగినట్టు. అందుకని పాలు జన్మలో ముట్టొద్దని ఆవిడ అనలేదు. రెండు వారాలు పూర్తిగా ఆపి, తర్వాత భోజనంతో పాటు కొంచెం కొంచెం ఇచ్చి ఎంతవరకు పడుతుందో చూడమన్నారు. పెరుగులో బ్యాక్టీరియా కొంత లాక్టోజ్ తినేసి ఉంటాయి కాబట్టి పెరుగు, మజ్జిగ మానక్కర్లేదు. నెయ్యికి అసలు భయం లేదు. కాల్షియం కోసం రాగి జావ, నువ్వులు, చిన్న చేపలు.

అత్తయ్యకి ఇది మింగుడు పడలేదు. "పాలు లేకుండా పిల్ల ఎలా ఎదుగుతుంది?" అని వారం రోజులు నాతో ముభావంగానే ఉన్నారు. ఎదుగుదల గ్రాఫు చూపిస్తే కూడా ఒప్పుకోలేదు. రాగి జావలో మజ్జిగ కలిపి తనే కాచి ఇవ్వడం మొదలుపెట్టాక ఆ గొడవ సర్దుకుంది, ఇప్పుడది ఆవిడ డిపార్ట్‌మెంట్.

పాలు మానితే నొప్పి బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. మిగిలింది ఆ బొమ్మల చార్టు తాలూకు బాకీ. లాక్టులోజ్ బదులు నీళ్లలో కలిపే పాలిఎథిలిన్ గ్లైకాల్ పొడి రాశారు, టిఫిన్ తర్వాత కాళ్ల కింద పీట వేసి వెస్టర్న్ టాయిలెట్ మీద పది నిమిషాలు కూర్చోబెట్టమన్నారు. మాకు అది లేదు, ఇండియన్ దాని మీద కూర్చుంటే పీటే అక్కర్లేదన్నారు. క్లాస్ టీచరుతో మాట్లాడి, స్టాఫ్ బాత్రూం వాడుకోనివ్వమని అడిగాం. మొదట ఒప్పుకోలేదు. డాక్టరుగారి చీటీ చూపిస్తే ఒప్పుకున్నారు.

ఇప్పుడు నొప్పి ఎప్పుడైనా ఒకసారి, అదీ పెళ్లిళ్లలో రసమలై రెండు లాగించిన మర్నాడు. అది దానికీ తెలుసు, తెలిసే తింటుంది. రాత్రి నొప్పితో లేచినా, బరువు తగ్గినా, మలంలో రక్తం కనపడినా ఆగకుండా రమ్మన్నారు, అప్పుడు గొట్టం గురించి ఆలోచిద్దామన్నారు. లేకపోతే ఆరు నెలలకి పొడవు, బరువు రాసుకుని రమ్మన్నారు. ఇంకే పరీక్షా రాయలేదు.